తొమ్మిదిసార్లు

తమ్ముడూ,

ఎదురుగా చెబితే నవ్వేస్తావని రాస్తున్నాను. పొద్దుట్నుంచి కండెలు చుడుతూ ఇదే ఆలోచిస్తున్నాను.

నిన్న ధామన్కర్ నాకా చౌరస్తాలో నీ గేముల దుకాణానికి మొదటిసారి వచ్చాను కదా. ఆటలో ఏ బటన్ నొక్కితే నా బొమ్మ నడుస్తుందో వెతుకుతుండగానే ఎవడో కాల్చేశాడు. లేచిన ప్రతిసారీ అంతే. తొమ్మిదిసార్లు! పక్కవాళ్లు "అక్కా, నీతోని కాదు, ఇంటికి పో" అని నవ్వారు. చంపినవాడి పేరు తెరమీద చూశాను. నీదే.

నువ్వు సాంచాల మీద, అదే కరెంటు మగ్గాల మీద, పని నేర్చుకోవడానికి నార్పోలి కార్ఖానాకు వచ్చిన రోజు పోగులన్నీ తెంపావు. ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరు నాలుగు సాంచాలు నడిపే చోట నీకు ఒక్కటే ఇచ్చారు.

కొత్తవాళ్లను మొదటి పది నిమిషాలు ఎవరూ కాల్చకూడదని గోడమీద రాయి.

ఆదివారం మళ్లీ వస్తాను. నా పక్కన కూర్చో. ఆ రోజు నీకు తెగిన పోగు ముడి వేయడం వచ్చేదాకా నేను నీ పక్కనుంచి కదల్లేదు.

అక్క