సత్యవతి కథకి ఊ కొట్టడం

అప్పలనర్సా,

బతికున్నప్పుడే నీకు చదువు రాదు. ఇప్పుడు వచ్చిందని కాదు, చెప్పాలనిపించి రాస్తున్నాను. నా రాత కూడా అంతంతే, నవ్వకు.

నువ్వు పోయాక మన కూతురు సత్యవతి కొత్త నవల సగంలో ఆపేసింది. ఎందుకంటే చెప్పదు. ఈమధ్య మాత్రం తన పుస్తకాలు చదివినవాళ్లకి నెలనెలా ఒక ఉత్తరం రాసి, సైక్లోస్టైల్ కాపీలు తీయించి పోస్టు చేస్తోంది. నాకు ఒళ్లు మండింది. పోర్టులో క్రేను నడిపినవాణ్ణి, పనికిరాని పని చూస్తూ ఊరుకోలేను.

"నవల మానీసి ఈ కాయితాలేటే?" అన్నాను.

"అమ్మ సేపలు కోత్తా నా కథకి ఊ కొట్టీది నాన్నా. ఊ ఇనపడకపోతే నాకు కథ కదల్దు. ఈ ఉత్తరాలకి జనం రాసే కార్డులే ఇప్పుడు నాకు ఊ," అంది.

"ఇంట్లో నాను లేనేటి?"

"నువ్వా? రెండో మాటకే గురకెడతావు."

నిజమే. అందుకే ఇంకా కోపమొచ్చింది.

ఈరోజు పెందుర్తి నుంచి ఒకావిడ కార్డు వచ్చింది. పోయిన నెల ఉత్తరంలో సత్యవతి కాస్త చెప్పిన ఆ ఆపేసిన నవల్లో పిల్ల ఏమైందో చెప్పమని అడిగింది. సత్యవతి అటకమీది కాగితాలు దించి, వంటింట్లో కూర్చుని పైకి చదవడం మొదలెట్టింది. నేను వెళ్లి నీ కత్తిపీట ముందు కూర్చున్నాను. చేపలు నీలా కోయలేను గానీ, నిద్ర మాత్రం పోలేదు.

కథలో ఒక మొండి ముసలాడు వచ్చాడు. అచ్చం నేనే. అక్కడ సత్యవతి చదవడం ఆపి నా వంక చూసింది.

"ఊ," అన్నాను.