వదిన చూసిన ఎపిసోడ్

జూన్ 2

రేపు రికార్డింగ్. నలుగురు స్నేహితులు ఒకే ఫ్లాట్‌లో ఉండే ఆ పాత కామెడీ సీరియల్ మీద నేనూ వదినా పాడ్‌కాస్ట్ మొదలుపెట్టి రెండో ఏడు. వారానికో ఎపిసోడ్ రివ్యూ. ఈ వారం ఆ నలుగురిలో లంబూ ఫ్లాట్ వదిలి వెళ్ళిపోయే ఎపిసోడ్. చిన్నప్పటి నుంచీ నాకు దాని మీద కోపం. రేపు ఉతికి ఆరేస్తాను.

మా పద్ధతి ఒకటే. విడివిడిగా చూడాలి. వదిన తన గదిలో, నేను హాల్లో. మైక్ ఆన్ అయ్యేదాకా నోరు విప్పకూడదు. రూల్ నాదే. ముందే మాట్లాడేసుకుంటే మైక్ దగ్గర పాచిమాటలే మిగులుతాయి.

సాయంత్రం వదిన ఏదో చెప్పబోయింది. చెయ్యి అడ్డం పెట్టాను. ఇది ఎపిసోడ్ గురించి కాదే అంది. ఏదైనా సరే రేపు మైక్ దగ్గర, ఫ్లో పోతుంది అన్నాను. సరేలే అని లోపలికి వెళ్ళింది. అన్నయ్య ఇంకా ఆఫీసు నుంచి రాలేదు.

జూన్ 3, సాయంత్రం 6

రాస్తే గానీ కోపం తగ్గేలా లేదు.

మొదలు బాగానే ఉంది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, నా అర్ధమొగుడు ఇదిగో, ఇవాళ మహా కోపంగా ఉంది అని వదిన ఎప్పట్లాగే నన్ను పరిచయం చేసింది. నేను లంబూ మీద పడ్డాను. ఇన్నేళ్ళు ఒకే కంచంలో తిని, తెల్లారి అందరూ నిద్రలో ఉండగా సూట్‌కేసు పట్టుకుని దొంగలా జారుకున్నాడు, చెప్పి వెళ్తే సొమ్మేం పోయింది అన్నాను.

చెప్పాడుగా అంది వదిన. ముందురోజు వంటింట్లో ఆ కళ్ళజోడు ఫ్రెండుకి చెప్పాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చెప్పాడు. వాడు కొత్త సోఫా గోలలో పడి వినలేదు అంది.

అలాంటి సీనే లేదన్నాను. ఉందంది. ఈ ఎపిసోడ్ నాకు కంఠతా వచ్చు, నువ్వు నిద్రలో చూసుంటావు, లేనిపోని కథలు అల్లకు అన్నాను. మైక్ ఆన్‌లో ఉంది. నా గొంతు నాకే అదోలా వినిపించింది. అయినా ఆపలేదు.

వదిన హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. వినని వాడికి చెప్పడం కూడా చెప్పకపోవడం కిందే లెక్కా అని అడిగింది. నేను రికార్డర్‌లో సౌండ్ లెవెల్స్ చూసుకుంటున్నాను. తల ఎత్తేసరికి వీధి తలుపు చప్పుడు వినిపించింది.

జూన్ 3, రాత్రి 8

వదిన ఫోన్ ఎత్తడం లేదు. వాళ్ళ గదిలో బీరువా తెరిచాను. తన వైపు అరలు ఖాళీ. కోపంలో ఇవాళ లాక్కెళ్ళినట్టు లేదు. తీరిగ్గా సర్దుకుని, అరల్లో కొత్త పేపరు కూడా పరిచింది.

జూన్ 4

అన్నయ్య ఆఫీసుకి వెళ్ళలేదు. పొద్దున్నుంచీ ఒకటే చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. రోజూ నీతోనే కదా ఉండేది, నీకు చెప్పలేదా అని అడిగాడు. లేదన్నాను. నీకు చెప్పిందా అంటే, ఆ చెప్పిందిలే అన్నాడు. వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందట. వెళ్తానని ఎన్నాళ్ళుగానో అంటోందట. చూద్దాం చూద్దాం అని నాన్చాడు. అదే సద్దుమణుగుతుంది అనుకున్నాడు. మొన్న మాత్రం, నువ్వు వచ్చినా రాకపోయినా నేను వెళ్తున్నాను అందట. అప్పుడు కూడా ఏదో మ్యాచ్ చూస్తున్నానన్నాడు.

నువ్వు చెబితే వింటుంది, పిలుచుకురా అన్నాడు నాతో. తోబుట్టువు కదా, కాదనలేక తలూపాను.

జూన్ 5

ఎత్తలేదు.

జూన్ 6, మధ్యాహ్నం

వదిన ఆ సీరియల్ డిస్కుల సెట్టు వదిలేసి వెళ్ళింది. ఆ సీను లేదని రుజువు చేద్దామనే పెట్టాను. అంత అహం నాకు.

సీను ఉంది.

నాది చిన్నప్పుడు టీవీలో వస్తుంటే రికార్డు చేసుకున్న కాపీ. యాడ్స్ కోసం ఛానల్ వాళ్ళు కత్తిరించింది. నేను కంఠతా పట్టింది ఆ కత్తిరించిన ఎపిసోడ్‌ని. రెండేళ్ళుగా వదిన ఒకటి చూస్తోంది, నేనొకటి చూస్తున్నాను. ముందే మాట్లాడుకోం కాబట్టి ఇద్దరికీ తెలియలేదు.

లంబూ వెళ్తున్నానంటాడు, కళ్ళజోడు సోఫా రంగు అడుగుతాడు, వెనక జనం నవ్వు. మళ్ళీ చెబుతాడు, మళ్ళీ నవ్వు. నేనూ నవ్వాను. అప్పుడు భయం వేసింది.

జూన్ 6, సాయంత్రం

నా నంబరు చూసి ఎత్తడం లేదని, మా ఆఫీసుకి వెళ్ళి అక్కడి నంబరు నుంచి చేస్తే ఎత్తింది. నీదే కరెక్టు, సీనుంది, నా కాపీ కట్ అయింది, మైక్ మీదే సారీ చెబుతాను అన్నాను. దీని కోసమేనా చేశావు అంది. ఆ, దీని కోసమే అన్నాను. మంచిది అని పెట్టేసింది.

నేనెంత పెద్దమనసుతో ఒప్పుకున్నానో అని బస్సెక్కేదాకా మురిసిపోయాను. బస్సు కదిలాక బుర్ర వెలిగింది. వదిన అడిగిందేమిటి, నేను చెప్పిందేమిటి. ఆ సిగ్గులో దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

జూన్ 7

నిజం రాస్తున్నాను. రూల్ పాడ్‌కాస్ట్ కోసం అనుకుంటూ వచ్చాను. కాదు. వాళ్ళిద్దరి మధ్యా ఏదో సరిగ్గా లేదని నాకు తెలుసు. కంచాల దగ్గర కూర్చున్నప్పుడే తెలుస్తుంది. వదిన నోరు విప్పితే నేను ఏదో ఒక పక్క నిలబడాలి. అటు అన్నయ్య. అందుకే చెయ్యి అడ్డం పెట్టాను.

ఎక్కడున్నావు, వస్తాను, ఎపిసోడ్ కోసం కాదు అని మెసేజ్ పెట్టాను. చూసింది.

జూన్ 8

పొద్దున అడ్రస్ వచ్చింది. కింద ఒక ముక్క, రికార్డర్ తేవద్దని.

అన్నయ్యకి చెప్పాను. వెంటబెట్టుకుని రా అన్నాడు. అందుకు వెళ్ళడం లేదన్నాను. అయితే ఎవరి తరఫున వెళ్తున్నావు అని అడిగాడు. మొదటిసారి నా మొహంలోకి చూసి అడిగాడు. వదిన తరఫున అన్నాను. అయితే అక్కడే ఉండు, ఈ ఇంటికి రాకు అన్నాడు. మా అన్నయ్య నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రెండు జతల బట్టలు బ్యాగులో పెట్టుకున్నాను.

జూన్ 8, బస్సులో

వదిన తలుపు తీయకపోతే? అన్నయ్యా పోయి, వదినా పోయి, రెంటికీ చెడ్డ రేవడినవుతాను. వెనక్కి వెళ్ళే బస్సు ఎదురుగా వచ్చి వెళ్ళిపోయింది.

జూన్ 8, సాయంత్రం

వదిన కొత్త ఇంటి బాత్రూంలో కూర్చుని రాస్తున్నాను. మధ్యాహ్నం చెప్పడం మొదలుపెట్టింది, పెళ్ళయిన మొదటి వారం నుంచి. ఇంకా మూడో ఏడులోనే ఉంది. నేను ఒక్కదానికీ అడ్డు రాలేదు. ఆగలేక లేచి వచ్చాను.

తలుపు అవతల నిలబడి చెబుతూనే ఉంది. వింటున్నావా అంటోంది.