పేరు ముందు ముక్క

హేమా,

శనివారం. పొద్దుటి నుంచి ముసురు. వాకిలి నేనే కడిగాను, ముగ్గు మాత్రం వేయలేదు. నువ్వు వెళ్లి ఏడాది కావస్తోంది... బాగున్నావా అని అడగొచ్చా?

నిన్న సాయంత్రం తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. బాపట్ల కాలేజీలో నీ దగ్గర కెమిస్ట్రీ చదివిన షాహీన్ రేపల్లెలో ట్యూషన్ మొదలుపెట్టింది. వచ్చి చూడమంటే కాదనలేకపోయాను.

పాఠం మధ్యలో సుద్దముక్కతో నేల మీద ఆరు చుక్కలు పెట్టి కలిపింది. ఆదివారాలు మన వాకిట్లో పిల్లలకు నువ్వు వేసి చూపించిన బెంజీన్ ముగ్గే. ఒక చుక్క మీద బొటనవేలు ఆనించి చెప్పేదానివి కదా... "ఇది మనిల్లు. ఆర్థో అంటే పక్కిల్లు, మెటా అంటే ఒకిల్లు వదిలి అవతలిది, పారా అంటే ఎదురిల్లు. పేరు ముందు ముక్క చూస్తే ఎవరెక్కడున్నారో తెలిసిపోద్దర్రా."

షాహీన్ అచ్చం నీలాగే బొటనవేలు ఆనించింది. నాకు ఒళ్లు మండింది.

నేను ఎనిమిదితో బడి మానేసినవాణ్ని. దుగ్గిరాల పసుపు కొట్లో పద్దులు రాసుకుంటూ, నువ్వు కాలేజీకి వెళ్లాక నీ పుస్తకాలు తిరగేసేవాణ్ని. నాకూ చెప్పమని ఒక్కసారైనా అడిగానా? అరుగు మీద కూర్చుని వినేవాణ్ని, అంతే.

నాకని చెప్పిన పాఠం ఒకటే. జ్వరం వచ్చిన రోజు పారాసిటమాల్ చేతిలో పెట్టి, "ఇందులో పారా కూడా ఆ ఎదురిల్లేనండి, మీలాగా. ఎప్పుడూ నా ఎదురుగానే ఉంటారు, ఆరిళ్లలోనూ మీదే దూరం" అని నవ్వావు.

ఆ మాట నా ఒక్కడిదే అనుకున్నాను.

షాహీన్ దాన్ని గదినిండా పిల్లల ముందు అనేసింది. క్లాసులో సార్ మీద మేడం వేసే జోకట. పిల్లలు వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. ఎన్ని బ్యాచులు విన్నాయి హేమా? మరి నాకు మిగిల్చిందేమిటి?

బయల్దేరేటప్పుడు ఫోనులో ఫ్లెక్సీ చూపించింది. ట్యూషనుకు నీ పేరు పెడుతుందట. రేపటిలోగా సరే అనాలట. పేరు కూడానా? వద్దనే మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు చూశాను... నీ పేరుకు ముందు 'కీ.శే.' అని ఉంది.

"కార్బన్ ఆక్సైడులో మోనో వస్తే ఊపిరి తీసే గాలి, డై వస్తే గోలీసోడాలో బుడగ. ముందు ముక్కని తేలిగ్గా తీసుకోకండర్రా" అనేదానివి.

నిన్న ఆ గదిలో అందరూ 'హేమ మేడం ఇలా చెప్తారు' అంటున్నారు. 'చెప్పేవారు' అని ఒక్కరూ అనలేదు. అక్కడ నువ్వు ఇంకా పాఠం చెబుతూనే ఉన్నావు. ఇక్కడ రేషన్ కార్డులోంచి కూడా తీసేశారు... అందుకే ఆ పిల్లలంటే నాకు ఇంత కుళ్లేమో.

కుళ్లు పోలేదు. అయినా నీ పేరు ఇస్తాను. దాని ముందు ఆ ముక్క మాత్రం పెట్టనివ్వను. ఇది నీకు మాట.

షాహీన్‌కి ఫోను కలిపాను. మోగుతోంది... ఆ తర్వాత నీకు ఇంకో సంగతి రాయాలి, మన పెరట్లో

ఉండు, ఎత్తింది.