గేటు దాకా వెళ్లాక చెప్పే ధర

మార్తమ్మత్తా,

కలర్ టీవీకి ఎంత ధర పెడితే జనం కొంటారో కనుక్కునే ఉద్యోగం నాది. నెల రోజులు తెనాలి, రేపల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, "దీనికి మీరెంత ఇస్తారండి?" అని అడిగాను. అందరూ సగమే చెప్పారు. రేపల్లెలో ఒకావిడైతే, నేను చూపించిన ఫోటోలోని టీవీకే బొమ్మ సరిగ్గా రావట్లేదని వంక పెట్టింది. నా కాగితాలు చూసి మా మేనేజరు, మీ వైపువాళ్లు ఊరికే ఇచ్చినా బేరమాడతారన్నాడు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. కొల్లూరు నుంచి అరటిపళ్లు తెచ్చే ఆమెకు సగం ధర చెప్పి, ఆవిడ గంపెత్తుకుని గేటు దాకా వెళ్లాకే వెనక్కి పిలిచి అసలు ధర చెప్పేదానివి. మర్నాటి నుంచి నేనూ సగం ధర మాట వినగానే లేచేవాణ్ని. గేటు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ప్రతి ఇంట్లోనూ ఒకటే పిలుపు: "ఉండవయ్యా, అంత కోపమైతే ఎట్టా? ఇంకో రెండు వేలు వేసుకో." ఇప్పుడు మా ఆఫీసంతా అలాగే అడుగుతోంది.

ఈ కబురుతో ఇవాళ మీ ఇంటికి వెళ్లాను. నువ్వు పోయి ఏడాది. మామయ్య కాఫీ ఇచ్చి పేపర్లో పడ్డాడు. వచ్చేటప్పుడు, గేటు దగ్గర ఎంత నెమ్మదిగా చెప్పులు వేసుకున్నా, వెనక్కి పిలిచేవాళ్లు లేరు.