లక్ష్మమ్మ మీద పడిన లాఠీ

చింతామణి, 1961, శుక్రవారం

నీళ్ళు అడగడానికి వచ్చిన ఆడవాళ్ళ మీద ఈరోజు మంత్రి నారెప్ప లాఠీఛార్జి చేయించాడు. లక్ష్మమ్మ తల పగిలింది. స్వాతంత్ర్యానికి ముందు పోలీసులు నా కోసం, నారెప్ప కోసం వెతుకుతుంటే, నెల రోజులు మమ్మల్ని దాచి సంగటి పెట్టిన తల్లి ఆమె.

నేను వాడి కారుకు అడ్డంపడి, "ఎవుర్ని కొట్టిస్తాండావో చూడు నారెప్పా!" అని అరిచాను.

"సర్కారు నడపాలంటే ఇవన్నీ ఉంటాయప్పా," అని అద్దం ఎక్కించుకున్నాడు.

సాయంత్రమే మా ఇద్దరి పార్టీకి రాజీనామా ఇచ్చాను. వచ్చే ఎన్నికల్లో వాడి మీద లక్ష్మమ్మనే నిలబెడతాను. వాడు ఓడి, తల వంచుకుని ఇంటికి నడిచిపోవడం నేను కళ్ళారా చూడాలి.

ఆసుపత్రిలో ఆమెకు ఈ మాట చెప్పాను.

"నిలబడతానప్పా. గెలిచినాక నేనూ ఇట్లే కొట్టిస్తే?" అంది.

"నిన్నూ ఓడిస్తానమ్మా," అన్నాను.

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు...