ఊదారంగు సీసా

పలమనేరు,
1945 ఆగస్టు 3, శుక్రవారం

బావమరిది దొరసామికి నీ బావ రాసేది. ఈ ఒక్క జాబు నవ్వకుండా సదువు.

నిన్న పొయ్యేటప్పుడు నా పాలిష్ సామాన్ల పెట్టెలోంచి ఊదారంగు సీసా ఎత్తుకోని పోయినావు. దాన్ని తాగొద్దప్పా! పోయిన తిరణాలకు నా సారాయి సీసా మీద పుర్రె బొమ్మ గీసి విషమని నేను రాసింది, నువ్వు ముట్టకూడదనే. అంతా తాగేసి, "బావా, నీ విషం బలే ఉండాదే" అంటివి. ఈ సీసా మీది పుర్రె నేను గీసింది కాదు, అచ్చేసింది.

అది బీరువాలకు పాలిష్ పెట్టే స్పిరిట్టు. తాగే సారాయికి సర్కారు పన్ను వేస్తాది, పనికి వాడే స్పిరిట్టుకు వెయ్యదు. అగ్గువగా దొరికేదాన్ని నీలాంటోళ్లు తాగేస్తారనే దాంట్లో విషం కలిపి, కంపు పుట్టించి, రంగేసి అమ్ముతారు. వడగట్టినా, నిమ్మకాయ పిండినా ఆ విషం పోదు. ముందు కండ్లు పోతాయి, ఆనెక పానం పోతాది.

ఆదివారం జతగాళ్లతో కూసోని మూత తీస్తావని నాకు తెలుసు. నా మాట నమ్మవనీ తెలుసు, అది నేను చేసుకున్నదే. మీ అక్క పొద్దున్నించి అన్నం ముట్టలేదు, ఆమెనన్నా నమ్మురా.

బస్సు డ్రైవరు శాంతయ్యతో నా మంచి సారాయి సీసా పంపిస్తా ఉండాను. ఊదా సీసా చేతికిస్తేనే ఆయన ఇది ఇస్తాడు. సీసాలో సారాయి నాలుగు వేళ్ల మట్టం తక్కువుంటే ఆయన్ని అనుమానించొద్దు. ఇది విషం కాదని మీ అక్కకు నేనే తాగి సూపించాల్సి వచ్చె.

నీ బావ