మారన్ ఇల్లం, ఫుల్ సిగ్నల్

జూన్ 9, సోమవారం

వెంకిడుసామి మామ ఇంటర్నెట్ కంపెనీ మార్చారు. కొత్త రౌటర్ హాల్లో గోడకెక్కింది. మామ ఫోన్‌కు వస్తోంది, రామక్కాళ్ అత్త సీరియల్‌కూ వస్తోంది. నా లాప్‌టాప్ ఒక్కటే మొండికేసింది. నొక్కిన ప్రతిసారీ కాసేపు తిరిగి, కాంట్ కనెక్ట్ అంటుంది.

నాకు బయటి లోకంతో ఉన్న దారి ఇదొక్కటే. ఇన్సూరెన్స్ పేపర్లు చెక్ చేసే ఉద్యోగం ఇందులోనే. స్మార్ట్‌ఫోన్ లేదు, బటన్ ఫోన్‌తో సరిపెట్టుకుంటున్నాను. నేను ఎక్కడున్నానో, ఎవరితో మాట్లాడానో నా మొగుడు మణిమారన్ నా పాత ఫోన్‌లోంచే చూసేవాడు. ఏప్రిల్‌లో ఉడుమలైపేటలో అతని ఇల్లు వదిలి వచ్చేటప్పుడు దాన్ని బియ్యం డబ్బాలో పడేసి వచ్చాను. నేను చెన్నైలో హాస్టల్లో ఉన్నానని అనుకుంటున్నాడు. మామ పీలమేడులో ఈ అద్దె ఇంటికి మారిన సంగతి అతనికి తెలియదు. తెలియకూడదు.

ఇది తెలుగు అక్షరాల్లో రాస్తున్నది కూడా అందుకే. మా వాళ్లంతా ఇంట్లో తెలుగే మాట్లాడతాం, చదవడం మాత్రం తమిళమే. తమిళంలో రాసుకున్న నా పాత డైరీ చదివిన రోజే నా మణికట్టు విరిచాడు. ఆ కట్టుతోనే యూట్యూబ్ చూసి ఈ అక్షరాలు నేర్చుకున్నాను. పంతం కూడా చదువు చెబుతుంది.

జూన్ 10

కస్టమర్ కేర్ అమ్మాయి ఓపిక గలది. రౌటర్ ఆపి మళ్లీ వేయమంది. వేశాను. లాప్‌టాప్ రీస్టార్ట్ చేయమంది. చేశాను. చివరికి అసలు సంగతి పట్టుకుంది. కొత్త రౌటర్‌కు బిగించినతను పాత పేరే పెట్టాడట. పేరు చూసి నా లాప్‌టాప్ పాత పాస్‌వర్డే పట్టుకుని వేలాడుతోందట. సేవ్ అయిన పేర్లలోకి వెళ్లి ఫర్గెట్ నొక్కమంది.

నొక్కాను. కొత్త పాస్‌వర్డ్ కొట్టాను. వచ్చేసింది! కంప్యూటర్‌కు మరచిపోవడం ఒక బటన్. దాని అదృష్టం.

అదే జాబితాలో ఇంకో పేరుంది. మారన్ ఇల్లం. ఉడుమలైపేట ఇంటి వైఫై. దాన్నీ ఫర్గెట్ చేయాల్సింది. చెయ్యి రాలేదు. ఆ పేరు ముట్టుకుంటే అక్కడ అతనికి తెలిసిపోతుందేమోనని భయం. పిచ్చి భయమని తెలుసు. తెలిస్తే భయం పోతుందా?

జూన్ 11

హాల్లో వస్తుంది. మేడ మీద నా గదిలో రాదు. హాల్లో కూర్చుంటే వీధిలో పోయేవాళ్లకు కనిపిస్తాను.

జూన్ 13, శుక్రవారం

ఉన్నట్టుండి అత్త నన్ను బోడినాయకనూరు తీసుకుపోతానంటోంది, పిన్నమ్మ ఇంటికి. రెండు రోజులు ఊరికే ఉండి వద్దాం కన్ను అని ముద్దు చేస్తోంది. మామ నా ముఖం చూడకుండా పేపర్ చదువుతున్నారు.

జూన్ 16, సోమవారం. ఉదయం 9

నిన్న రాత్రి వచ్చాం. పొద్దున గదిలో లాప్‌టాప్ తెరిచాను. దానంతటదే కనెక్ట్ అయింది. నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయి. మంచం మీద కాళ్లు చాపుకుని పని చేశాను. పిన్నమ్మ ఊరి యాలకుల వాసన ఇంకా బట్టల్లోనే ఉంది. చాలా రోజుల తరువాత పాట కూడా పాడుకున్నాను.

9.40

ఇప్పుడు పేరు చూశాను.

మారన్ ఇల్లం.

10.30

లాప్‌టాప్ మూశాను. కిటికీ మూశాను. బటన్ ఫోన్‌లో కస్టమర్ కేర్‌కు చేసి, సేవ్ అయి ఉంటే చాలు, పేరు అలా కనిపిస్తుందా అని అడిగాను. కనెక్టెడ్ అని ఉంటే అది దగ్గర్లోనే ఆన్‌లో ఉన్నట్టు మేడం అంది. ఎంత దగ్గర అంటే, నాలుగు గీతలంటే మీ ఇంట్లోనే కదా అని నవ్వింది.



సాయంత్రం

అత్త భోజనానికి పిలిచినా దిగలేదు. చివరికి ఆమే పైకి వచ్చింది. చెప్పాను. మామను కేకేసింది.

మామ పక్క గది తాళం తీశారు. లోపల నా బీరువా, నా మంచం, నా గ్రైండర్. పెళ్లికి మా నాన్న ఇచ్చిన సీరు, సారె సామానంతా ఉంది. గోడకు, ఉడుమలైపేట ఇంటికి మా నాన్నే కొనిచ్చిన రౌటర్, పచ్చగా వెలుగుతోంది. నేను బోడినాయకనూరులో ఉండగా శనివారం వ్యాన్‌లో వచ్చాయట. తిరిగొచ్చిన సీరు ఆడపిల్ల కంటపడకూడదని నన్ను ఊరు దాటించారు. పైన సిగ్నల్ లేక పాప కష్టపడుతోందే, ఇది ఊరికే పడి ఉంది కదా అని ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కేబుల్ లాగించారు. పేరూ పాస్‌వర్డూ మార్చలేదు. పని చేస్తున్నదాన్ని ఎందుకు కెలకాలి అన్నాడట ఆ ఎలక్ట్రీషియన్.

అంతే కదా, అతను కాదు కదా. ఏడుస్తూనే నవ్వాను. తరువాత అడిగాను, వ్యాన్‌కు ఈ అడ్రస్ ఎవరిచ్చారు మామా అని.

సీరు తిరిగొస్తే తాయ్‌మామనే, అమ్మకు తోడబుట్టినవాడే చేతులారా దించుకోవాల. అది ముఱై, మన ఆచారం. ఎట్ల కాదనేది కన్ను అన్నారు.

పొదలో దాచిన పిల్లను, ముఱై కోసం దీపం పెట్టి చూపించారు. ప్రేమగానే చేశారు. ఎవరిని తిట్టను?

జూన్ 17

రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న నంబర్‌తో దాని పేజీ తెరిచాను. పేరు మార్చేద్దామని. కనెక్ట్ అయిన వాటి జాబితా ఉంది, పేరు పక్కన సిగ్నల్ గీతలతో.

నా లాప్‌టాప్. నాలుగు గీతలు.
మామ ఫోన్. శనివారం దీనికే కలిపారట, ఆయన కింద హాల్లో ఉన్నారు. మూడు.
మణిమారన్ ఫోన్. ఒకటి.

అతని ఫోన్‌లోనూ ఆ పేరు సేవ్ అయ్యే ఉంది కదా. ఒక గీత అంటే వీధి. కర్టెన్ పక్కనుంచి చూశాను. బస్‌స్టాప్‌లో కాలేజీ పిల్లలు, కొబ్బరి బొండాల బండి, హెల్మెట్లు పెట్టుకున్న మగవాళ్లు. మళ్లీ పేజీ చూసేసరికి పేరు లేదు.

జూన్ 18

అత్త, నేను మహిళా పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. మామ రాలేదు. మన కుటుంబాలలో స్టేషన్ మెట్లెక్కినవాళ్లు ఉండారా అన్నారు. ఎస్.ఐ. అమ్మ మొత్తం విని, నా మణికట్టు పట్టి తిప్పి చూసింది. పేరు మార్చొద్దు, ఆపొద్దు, అది మీకు కాపలా కుక్క, పేరు కనిపించగానే ఫోన్ చెయ్యండి అంది.

ఇంటికొచ్చి మామ కాళ్లు పట్టుకున్నాను. ఎవరొచ్చినా తలుపు తీయొద్దన్నాను. సరే సరే అన్నారు. ఆయన సరే రెండుసార్లు అంటే నాకు భయం.

జూన్ 19

కుక్క మొరగలేదు. నేనూ నిద్రపోలేదు.

జూన్ 20, శుక్రవారం. మధ్యాహ్నం 3.40

ఒక గీత. స్టేషన్‌కు ఫోన్ చేశాను. వస్తున్నామన్నారు.

రెండు.

కింద గేటు చప్పుడైంది. మామ గొంతు వినిపిస్తోంది. అల్లుణ్ణి వాకిట్లో నిలబెట్టేది ముఱై కాదంటున్నారు. అత్త వద్దు వద్దంటోంది.

మామ ఫోన్, మూడు. అతనిది, మూడు. డవరా గ్లాసు చప్పుడు. కాఫీ ఇచ్చారు.

గడియ పెట్టాను. బీరువా అడ్డం జరపాలంటే అది పక్క గదిలో ఉంది.

నాలుగు.